మావయ్య గోడ మీది తుపాకీ

పాత సైనిక తుపాకీ మీద ఒక కిరీటం బొమ్మ, దాని కింద రెండక్షరాలు, పక్కనే ఒక సంవత్సరం ఉన్నాయనుకోండి, అది చరిత్ర. అవి లేవనుకోండి, అది పాత ఇనుము. కర్ర అదే, గొట్టం అదే, బరువు అదే. ధర మాత్రం అది కాదు. పాత తుపాకులు పోగేసే పిచ్చి ఉన్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు కాబట్టి, అక్షరాలు లేని చోట అక్షరాలు కొట్టేవాళ్లూ ప్రపంచమంతటా ఉన్నారు. ఇదేదో యూట్యూబ్‌లో చూసి రాస్తున్న సంగతి కాదు. మా ఊరికి, సాక్షాత్తూ ఆత్రేయపురానికి, అలాంటి తుపాకీ ఒకటి వచ్చింది.

ఆత్రేయపురం అనగానే మీ నోట్లో నీళ్లూరతాయని తెలుసు. సెలవుల నుంచి నేను హాస్టల్‌కి తిరిగొచ్చిన ప్రతిసారీ నా బ్యాగు జిప్పు నాకంటే ముందు మీరే తీస్తారు. ఆ డబ్బాలన్నీ మా పెద్ద మావయ్య దుకాణంవే. వెనక వసారాలో అత్తయ్య, ఇంకో ఆరుగురు ఆడవాళ్లు బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క విసురులో పరిచి రేకు తీస్తుంటారు. ముందు గదిలో మావయ్య నెయ్యి, పంచదార, బెల్లం, జీడిపప్పు లెక్కలు చూసుకుంటూ ఉంటాడు. 2023లో మా పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ వార్త పడిన పేపరు కటింగుని మావయ్య ఫ్రేము కట్టించి గల్లాపెట్టె వెనకాల తగిలించాడు. అప్పట్నుంచి ఆయనకి ఒకటే గొడవ. హైవే పక్కన ఏ ఊళ్లో కారు ఆపినా ‘ఆత్రేయపురం పూతరేకులు’ అని బోర్డు కనిపిస్తుంది. “ఆత్రేయపురం ఎటుందో కూడా తెలీదురా వీళ్లకి, పేరు మాత్రం కావాలి” అని ప్రతి ప్రయాణంలోనూ తిడతాడు. కారులో ఉన్నవాళ్లకి తప్పించుకునే దారి ఉండదు.

ఈ మావయ్యే రెండేళ్ల కిందట కాలవ గట్టు మీద నాలుగు గదులు కట్టి అతిథులకి అద్దెకివ్వడం మొదలెట్టాడు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి కుటుంబాలు వస్తాయి. పొద్దున్న పడవ, మధ్యాహ్నం పులస గురించి కబుర్లు (పులస దొరికేది వరద రోజుల్లోనే, కబుర్లు మాత్రం ఏడాది పొడుగునా), సాయంత్రం ధవళేశ్వరం బ్యారేజీ, కాటన్ మ్యూజియం. కాటన్ దొర మాకు ఇంటి మనిషి లెక్క. జీఐ కోసం దరఖాస్తు పెట్టిన సంఘం పేరు కూడా సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘమే. అందుకని ముందు హాల్లో ఒక గోడంతా ‘ఆనకట్ట గోడ’గా చెయ్యాలని మావయ్య ఆలోచన. పాత ఫొటోలు, ఒక మ్యాపు, మధ్యలో కళ్లు చెదిరేది ఏదైనా ఒకటి.

ఆ కళ్లు చెదిరేదాన్ని పట్నం నుంచి ఒక పాతవస్తువుల వ్యాపారి తీసుకొచ్చాడు. నాలుగున్నర అడుగుల పొడుగు తుపాకీ. నున్నగా నూనె పట్టించిన కర్ర, మూడు ఇనప పట్టీలతో బిగించిన గొట్టం, పక్కన లాక్ ప్లేటు. ఆ ప్లేటు మీద కిరీటం, కింద ‘వీ ఆర్’, ముందువైపు ‘టవర్’ అన్న మాట, దాని కింద 1849. ఇంకా మధ్యలో ఒక గుండె ఆకారం, అందులో నాలుగక్షరాలు. ఆయన చెప్పిన కథ ఏమిటంటే, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కడుతున్నప్పుడు కంపెనీ ఖజానాకి కాపలా ఉన్న సిపాయి తుపాకీ ఇది, ఒక పాత కుటుంబం అటక మీద దొరికింది, తుప్పు తీయించి కర్రకి పాలిష్ పెట్టించి ‘రిస్టోర్’ చేయించాం. ధర 60,000. మావయ్య 10,000 బయానా ఇచ్చి, వారం రోజులు చూసుకుంటానని ఉంచుకున్నాడు. నేను సంక్రాంతి సెలవులకి దిగింది ఆ వారంలోనే.

“మెకానికల్ చదువుతున్నావు కదా, చూసి చెప్పు, ఎంత గొప్ప పనితనమో” అన్నాడు మావయ్య. ఆయన అడిగింది మెచ్చుకోమని.

ముందుగా ఒక మాట. ఇలాంటిది ఎవరైనా ఇంటికి తెస్తే మొదట చూడాల్సింది ముద్రలు కాదు, అది పేలుతుందా లేదా అన్నది. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం, పాతకాలపు నమూనా అయినా, శిథిలమైనదైనా, బాగుచేసినా చెయ్యకపోయినా ఇక ఆయుధంగా పనికిరాని స్థితిలో ఉంటేనే దానికి మినహాయింపు. పనికొచ్చేదైతే లైసెన్సు కావాలి, గోడకి మేకు కొట్టే ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలి. ఇందులో టోపీ పెట్టే నిపుల్‌కి రంధ్రమే లేదు, గొట్టం వెనక భాగం నిండు ఇనుము. అంటే పేలదు. మావయ్యకి అది శుభవార్త. నాకు అదే మొదటి అనుమానం. సిపాయి చేతిలో పనిచేసిన తుపాకీకి నిప్పు వెళ్లే దారి ఎప్పుడో ఒకప్పుడు ఉండాలి కదా. తర్వాత పూడ్చారంటే పూడ్చిన గుర్తు ఉండాలి. ఇక్కడ అసలు తొలిచిన గుర్తే లేదు.

ఇప్పుడు ముద్రల సంగతి. ఫస్టియర్ వర్క్‌షాపు గుర్తు తెచ్చుకోండి. ఫిట్టింగ్ షాపులో ఎంఎస్ ముక్కని రోజుల తరబడి ఆకురాయితో రుద్ది, వీ-ఫిట్ చేసి, చివర్న రోల్ నంబరు పంచ్‌తో కొట్టాం. పంచ్ లోహాన్ని కోసెయ్యదు, తోస్తుంది. తోసిన లోహం ఎక్కడికో పోవాలి కాబట్టి అక్షరం అంచుల చుట్టూ సన్నటి గట్టులా లేస్తుంది. గట్టిగా కొడితే ఒక పక్క లోతు, చెయ్యి వంగితే ఇంకో పక్క తేలిక. పక్కపక్క అంకెలు ఒకే వరసలో నిలబడవు. మన అందరి జాబుల మీదా నంబర్లు తాగినవాళ్లలా నిలబడి ఉండేవి. పాత తుపాకుల ముద్రలూ అంతే, కాకపోతే కొట్టినవాళ్ల చెయ్యి మనకంటే చాలా నయం.

అదే షాపులో ఇంకో పాఠం కూడా జరిగింది. సీనియర్ల పాత జాబు ఒకటి సంపాదించి, నంబరు అరగదీసి, తన నంబరు కొట్టి సబ్మిట్ చేసిన మహానుభావుడు మా బ్యాచ్‌లో ఒకడున్నాడు. ఫోర్‌మన్ గారు ఆ ముక్క మీద ట్రై స్క్వేర్ అంచు ఆనించి లైటుకేసి పట్టుకున్నారు. నంబరున్న చోట మాత్రం అంచు కింద నుంచి వెలుతురు వచ్చింది. పాత అంకెల్ని పూర్తిగా తీసెయ్యాలంటే వాటి లోతు వరకూ లోహం తీసెయ్యాలి, అక్కడ పళ్లెంలా పల్లం పడుతుంది. ఆయన ఏమీ అనలేదు, ముక్క వెనక్కిచ్చేశారు. ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఇంకో అడుగు ముందుకేస్తారు. పంచ్ దెబ్బకి అక్షరం అడుగున ఉన్న లోహం కూడా నలిగి గట్టిపడుతుంది, ఆ నలుగుడు అక్షరం లోతు కంటే ఇంకా కిందికి పోతుంది. పైన అరగదీసి నున్నగా చేసినా, రాగి క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పూస్తే నలిగిన లోహం, నలగని లోహం వేరేగా స్పందించి, పోయిన నంబరు మళ్లీ తేలుతుంది. ఫ్రై రీఏజెంట్ అంటారు దాన్ని.

మావయ్య తుపాకీకి యాసిడ్లు అక్కర్లేకపోయింది. అత్తయ్య నగలు చూసుకునే భూతద్దం, నా వెర్నియర్, కాలేజీ స్టోర్స్ దగ్గర కొన్న పిచ్ గేజ్, ఒక చిన్న ఆకురాయి, ఫోన్ టార్చి. టార్చిని పైనుంచి కాదు, పక్క నుంచి, ప్లేటుకి దాదాపు ఆనించినట్టు పట్టుకోవాలి. అప్పుడు ప్రతి గుంటకీ నీడ పడుతుంది.

ప్లేటు నిండా తుప్పు తిన్న గుంటలున్నాయి, పాతదనానికి సాక్ష్యంగా. వాటిని ఎవరూ పూర్తిగా అరగదీయలేదు. ఇక్కడే అసలు ప్రశ్న వేసుకోవాలి. ముద్ర ముందా, తుప్పు ముందా? 1849లో ముద్ర పడి ఉంటే, ఆ తర్వాత నూటడెబ్భై ఏళ్లు తిన్న తుప్పు అక్షరాన్నీ, చుట్టుపక్కలనీ ఒకేలా తినాలి. గుంటలు అక్షరం అంచు దాటి లోపలికి పాకాలి, అడుగున కూడా గరుకు ఉండాలి. ఈ ప్లేటు మీద ‘టవర్’లోని ఇంగ్లీషు డబ్ల్యూ ఒక పెద్ద గుంటని సరిగ్గా మధ్యకి కోసుకుంటూ పోయింది. గుంట రెండు పక్కలా ఉంది, అక్షరం అడుగున లేదు. అడుగు అద్దంలా మెరుస్తోంది. అంటే తుప్పు పట్టాక అక్షరం వచ్చింది. నన్నడిగితే, మీకు ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు. కథలు ఎన్నయినా అల్లొచ్చు, ఏది ముందు ఏది వెనక అన్న వరసని లోహం మార్చి చెప్పదు.

రెండోది, అక్షరాల చుట్టూ గట్టు లేదు. రిస్టోర్ చేసినప్పుడు పాలిష్‌లో పోయిందనొచ్చు. సరే, గట్టు పోయేంత పాలిష్ చేస్తే అక్షరం లోతూ తగ్గాలి, అంచులు గుండ్రబడాలి. ఇక్కడ అంచులు బ్లేడులా ఉన్నాయి. పైగా ప్రతి గీతా ఒకే వెడల్పు, ప్రతి గీతా చివర అర్ధచంద్రంలా గుండ్రం. అది పంచ్ పని కాదు, తిరిగే కట్టర్ పని. మన సీఎన్‌సీ ల్యాబులో నేమ్‌ప్లేటు చెక్కినప్పుడు అక్షరాల చివర్లు ఎలా వచ్చాయో ఒకసారి చూడండి.

మూడోది ఆకురాయి. లోపలివైపు, బయటికి కనిపించని మూల ఒకటి చూసుకుని ఒక్కసారి తేలిగ్గా లాగాను. ఆ కాలపు లాక్ ప్లేట్లకి ముద్ర కొట్టాక పైపొర గట్టిపరిచేవాళ్లు, కేస్ హార్డెనింగ్ అని మనం మెటలర్జీలో చదువుకున్నదే. అలాంటి పొర మీద ఆకురాయి జారిపోవాలి. ఇక్కడ వెన్నలో దిగినట్టు దిగింది. మామూలు మైల్డ్ స్టీలు.

నాలుగోది మరలు. వ్యాసం 6 మిల్లీమీటర్లు, పిచ్ గేజ్ 1.0 దగ్గర కచ్చితంగా కూర్చుంది. ఇంగ్లండులో విట్‌వర్త్ అనే ఆయన మరలకి ఒక ప్రమాణం ఉండాలని ప్రతిపాదించిందే 1841లో, అది కూడా అంగుళాల్లో. మన దేశం మెట్రిక్ కొలతల్లోకి మారడానికి చట్టం చేసింది 1956లో. 1849 నాటి ఇంగ్లీషు తుపాకీలో మనం అసైన్‌మెంట్లలో గీసే ఎం6 మర ఏం చేస్తోంది? ఇదొక్కటే అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు, బాగుచేసినవాడు మరలు మార్చి ఉండొచ్చు. కానీ ప్లేటులోని రంధ్రాలూ అదే కొలత, అన్నీ కొత్తగా, అరుగుదల లేకుండా. అనుమానం ఒంటరిగా ఉన్నంతసేపు అనుమానమే. నలుగురు సాక్షులు ఒకే మాట చెప్తుంటే వినాలి.

ఇంతవరకూ మన సబ్జెక్టు. అసలు మజా చరిత్రలో ఉంది, అక్కడ ముద్రలు వాటంతటవే పోట్లాడుకుంటాయి.

గొట్టాన్ని కర్రకి మూడు ఇనప పట్టీలతో బిగించడం బ్రిటిష్ సైన్యంలో 1853 ఎన్‌ఫీల్డ్ నమూనాతో వచ్చింది. 39 అంగుళాల గొట్టం, లోపల మూడు గాళ్లు. 1857లో తూటా కాగితం గొడవతో దేశమంతా మారుమోగిన తుపాకీ అదే. అంతకు ముందు 1840ల్లో సిపాయిల చేతిలో ఉన్న మస్కెట్లకి గొట్టాన్ని కర్రలోంచి అడ్డంగా దూర్చిన మేకులతోనో చీలలతోనో నిలబెట్టేవాళ్లు. మూడు పట్టీల తుపాకీ మీద 1849 అని ఉండటమంటే, తాతగారి పెళ్లి ఫొటోలో ఆయన చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టు. ఆ సంవత్సరం ఎందుకు ఎంచుకున్నాడో తెలుస్తూనే ఉంది. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. సరిగ్గా మధ్యలో తేదీ పడితే కథ అతుకుతుంది. కథ కోసం తేదీ కొట్టాడు, తుపాకీ కోసం కాదు. చెప్పొద్దూ, లోపల గాళ్లు కూడా లేవు, నున్నటి పైపు. 1857 తర్వాత దేశీ సిపాయిల కోసం గాళ్లు లేని గొట్టాలతో ఎన్‌ఫీల్డ్ ఆకారపు తుపాకులు చేయించిన మాట నిజమే, కానీ ఆ మాట ఎత్తితే 1849 ఇంకా మునుగుతుంది.

గుండె ఆకారం సంగతి ఇంకా బాగుంటుంది. అది ఈస్టిండియా కంపెనీ సరుకుల మూటల మీద వేసిన గుర్తు. గుండెని నాలుగు భాగాలు చేసి వీ, ఈ, ఐ, సీ అని ఒక్కో అక్షరం పెట్టేవాళ్లు, పైన ఇంగ్లీషు నాలుగు అంకెలాంటి గీత. మన వాళ్లకి ఆ గుర్తు కొత్తదేం కాదు. మన జిల్లాలు ఉత్తర సర్కారులుగా ఉన్నప్పుడు, 1794లో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో మింట్‌లో మనకోసం కొట్టించిన రాగి నాణేల మీద ఒకవైపు ఆ గుండే ఉంటుంది. రూపాయికి నలభై ఎనిమిది. బహుశా మన వ్యాపారి మనుషులు దాన్ని ఏ నాణెం ఫొటో చూసో దించి ఉంటారు. కంపెనీ తుపాకుల మీద మాత్రం పంతొమ్మిదో శతాబ్దం మొదటి పదేళ్లలోనే గుండె పోయి, కాళ్లెత్తి నిలబడ్డ సింహం వచ్చేసింది. 1849 పక్కన గుండె ఉంటే అది నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన గుండె. వీ ఆర్ మాత్రం ఆ తేదీకి పొసిగింది. విక్టోరియా 1837 నుంచి 1901 దాకా ఉంది కాబట్టి అక్కడ తప్పడం కష్టం.

కష్టమన్నాను గానీ, అదీ తప్పినవాళ్లున్నారు. ఇప్పటి పాకిస్తాన్‌లో దర్రా ఆదమ్ ఖేల్ చుట్టుపక్కల ఊళ్లలో తరతరాలుగా ఆకురాయి, చేతి పనిముట్లతో బ్రిటిష్ తుపాకులకి నకళ్లు చేసేవాళ్లు. చూడ్డానికి అచ్చంగా ఉండేవి. కానీ చేసినవాడికి ఇంగ్లీషు చదవడం రాదు, అక్షరాన్ని బొమ్మగా చూసి కొట్టాడు. అందుకే ఎన్‌ఫీల్డ్‌లో ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది, విక్టోరియా పోయిన తర్వాతి సంవత్సరాల మీద కూడా వీ ఆర్ ఉంటుంది. వాటి మీద నాకు కోపం రాదు. వాళ్లు చేసింది పేలే తుపాకీ, ముద్ర దాని అలంకారం. మావయ్య గోడ మీదికి వచ్చినదానిలో ముద్రే సరుకు, తుపాకీ దాని ప్యాకింగు.

స్కూల్లో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు డ్రిల్లుకి మోసిన .303 గుర్తొచ్చింది. మనలో చాలామంది మోసే ఉంటారు, భుజం మీద దాని గుర్తు రెండ్రోజులుండేది. దాని మీద డీపీ అని పెద్దగా కొట్టి ఉంటుంది. డ్రిల్ పర్పస్, అంటే కవాతుకే, కాల్చడానికి కాదు అని. అప్పుడు పట్టించుకోలేదు గానీ, ఇలాంటి తుపాకీ ఒళ్లంతా ఒక సర్వీస్ బుక్కు. ఇషాపూర్ ఫ్యాక్టరీలో పుడితే ఆ పేరు, సంవత్సరం, పైన కిరీటం, జీఆర్ఐ. స్వతంత్రం వచ్చి రిపబ్లిక్ అయ్యాక చేసినవాటి మీద కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు. ఆ రైఫిల్ పేరుని బ్రిటిష్ వాళ్లు 1926లో మార్చి ‘నంబర్ 1’ అన్నారు, కాబట్టి 1915 తేదీ పక్కన ‘నంబర్ 1 మార్క్ 3’ అని ఒకే కాలపు ముద్రలా కనిపిస్తే ఆగి చూడాలి. సైన్యం అమ్మేసినవాటి మీద రెండు బాణం గుర్తులు మొనలు ఎదురెదురుగా పెట్టి కొట్టేవాళ్లు. బ్రిటన్‌లో ఫ్యాక్టరీకి పంపి పూర్తిగా విప్పి బాగుచేసినవాటి మీద ఎఫ్‌టీఆర్ అని, ఆ సంవత్సరంతో సహా కొత్త ముద్ర వేసేవాళ్లు.

ఆ ఎఫ్‌టీఆర్ దగ్గర నేను చాలాసేపు ఆగాను. రిస్టోర్ చెయ్యడం తప్పు కాదు. విరిగిన కర్ర అతకొచ్చు, తుప్పు తియ్యొచ్చు, పోయిన మర కొత్తది పెట్టొచ్చు. నిజాయితీగా బాగుచేసినవాడు పాత ముద్రని ముట్టుకోకుండా, పక్కన తన తేదీ తాను వేస్తాడు, ‘నేను ఫలానా ఏడాది దీన్ని విప్పాను’ అని. అరిగిపోయిన పాత ముద్రని ‘మళ్లీ స్పష్టం చేశాం’ అనేవాడితోనే చిక్కు. సేకరించేవాళ్లలో కూడా అది తప్పేం కాదనేవాళ్లున్నారు, ఎలాగూ అక్కడ ఉన్న అక్షరమే కదా అంటారు. నాకు ఒప్పుదల లేదు. అరిగిన అక్షరం అరిగినట్టే ఉండటం కూడా దాని వయసు చెప్పే సాక్ష్యం. మన చట్టమైతే, ఆయుధం మీది పేరునో నంబరునో చెరిపినా, మార్చినా, దొంగది కొట్టినా నేరమనే అంటుంది. 1959 చట్టం ఎనిమిదో సెక్షన్. పేలని బొమ్మకి అది వర్తించదనుకోండి, అక్కడ మామూలు మోసం చాలు.

ఇదంతా ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మావయ్య సగం వరకూ విని చెయ్యి అడ్డం పెట్టాడు.

“అయితే ఏటంటావు? వచ్చేవాళ్లెవరైనా భూతద్దం పట్టుకొస్తారేంట్రా? ఫొటో దిగుతారు, పోతారు.”

“పిల్లలొస్తారు కదా మావయ్యా. ఆనకట్ట నాటి తుపాకీ అని చెప్తాం. వాళ్లు నమ్ముతారు.”

“నమ్మితే ఏం పోయింది? ఆనకట్ట అబద్ధమా? కాటన్ అబద్ధమా?”

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆనకట్ట నిజమే. పైగా ఆయన గోడ మీద పెట్టాలనుకున్న మిగతావన్నీ నిజమైనవే. నిజమైన పది వస్తువుల మధ్యన ఒక అబద్ధం కూర్చుంటే, ఆ పదీ కలిసి దానికి పూచీ పడతాయి. అది తెలిసే ఆ వ్యాపారి మా ఊరి కథని వెతికి పట్టుకుని దానికి తగ్గ తేదీ కొట్టించాడు. ఇదంతా అప్పుడు నాకు మాటల్లోకి రాలేదు. అత్తయ్య మజ్జిగ పోస్తూ, ఎవరికేసీ చూడకుండా, “హైవే మీద బోర్డు పెట్టినోడూ అదే అంటాడు. పూతరేకులు నిజం, ఆత్రేయపురం నిజం” అంది. మావయ్య అన్నం కలపడం ఆపాడు. అత్తయ్య రేకుని వేలి కొసతో తాకి ఎవరి చేతిదో చెప్పెయ్యగలదు. ఆవిడకి నా పిచ్ గేజ్ అవసరం లేదు.

మర్నాడు మావయ్య స్పీకర్ ఆన్ చేసి వ్యాపారికి ఫోన్ చేశాడు. గొడవ పెట్టుకోలేదు. “ఈ పట్టీలు, ఈ సంవత్సరం కుదరట్లేదంటన్నాడండి మా మేనల్లుడు, ఇంజనీరింగు చదువుతున్నాడు” అన్నాడంతే. అవతలి మనిషి కొంచెం కూడా తడబడలేదు.

“ఆయ్, దానికేముందండి. ఏ సంవత్సరం కావాలో చెప్పండి, మార్పించి పంపుతాం. ఆనకట్ట వద్దనుకుంటే 1922 వేయిద్దాం, అల్లూరి వారి మన్యం తిరుగుబాటులోదని పెట్టుకోండి. దానికి ఇంకా గిరాకీ అండి.”

మావయ్య మొహం మారింది అక్కడే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. అక్కడ పట్టుకుపోయినవి 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు. ఏమేం తీసుకెళ్తున్నాడో రామరాజు రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ఒకాయన తీసుకున్న ప్రతిదానికీ లెక్క రాసి తన పేరు కింద పెట్టాడు, ఇంకొకాయన ఏ పేరైనా ఏ తేదీ అయినా కట్టర్‌తో చెక్కిస్తానంటున్నాడు. పైగా 1922లో పోలీసుల చేతిలో ఉన్నవి వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు, ఇలా మూతి నుంచి మందు కూరే రకం కాదు. ఆ సంగతి చెప్దామని నోరు తెరిచాను. మావయ్య కళ్లతోనే వద్దన్నాడు. బహుశా ఇంకో ఊళ్లో ఇంకొకరికి అమ్మేటప్పుడు ఆ తప్పు సరిదిద్దుకుంటాడని భయపడి ఉంటాడు.

“మిగతా యాభై ఇవ్వను. బయానా తిరిగివ్వండి, తుపాకీ పట్టుకెళ్లండి” అన్నాడు. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, బయానా వెనక్కివ్వడం కుదరదు, కావాలంటే ఆ పదివేలకే వస్తువు ఉంచేసుకోండి అన్నాడు ఆ వ్యాపారి. దాంతో దాని అసలు ఖరీదు కూడా తేలిపోయింది.

ఆనకట్ట గోడ మీద ఇప్పుడు ఫొటోలూ, మ్యాపూ ఉన్నాయి. తుపాకీ అక్కడ లేదు. అది అతిథులు భోజనం చేసే వసారాలో ఒక బల్ల మీద పడుకుని ఉంది, పక్కన తాడు కట్టిన భూతద్దంతో. కార్డు నేనే రాశాను: ‘ఈమధ్య తయారైన అలంకార వస్తువు. ముద్రలు నకిలీవి. ఇందులో కాలానికి పొసగనివి కనీసం మూడున్నాయి, కనిపెట్టిన పిల్లలకి ఒక పూతరేకు.’ పోయిన వారం అత్తయ్య ఫోన్ చేసి, ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి నాలుగోది కూడా పట్టుకుందని చెప్పింది. కర్ర మీద కొట్టిన ముద్ర లోపలికి పాలిష్ దిగలేదట, అంటే పాలిష్ ఆరాక ఎవరో కొట్టారని. అది నేను చూడనేలేదు. రెండు పూతరేకులు ఇచ్చారు.